ముఖం కనిపించకూడదు

ప్రపంచంలో కష్టాలు పడుతున్న పిల్లలందరి బాధ్యతనూ ఆ ఆదివారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు విశాఖపట్నం స్వీకరించింది!

నగరం తరఫున స్వీకరించినవాడు గుణశేఖర్. పోర్టు ఆఫీసులో సూపరింటెండెంటు, విశ్వబాలల సంక్షేమ సమితి స్థానిక శాఖకు కార్యదర్శి. ప్రతి శాఖా ఒక దీనశిశువును గుర్తించి ఫోటో పంపాలని ఢిల్లీ నుంచి సర్క్యులర్ వచ్చింది. మొదటి బహుమతి కొట్టిన శాఖ కార్యదర్శికి జెనీవా ప్రయాణం. సర్క్యులర్ చదివిన ప్రతిసారీ ఆయన గొంతు జాలితో పూడుకుపోయేది. సరిగ్గా జెనీవా అన్న మాట దగ్గరే ఎందుకు పూడుకుపోతోందో ఆయన ఆలోచించలేదు. ఆయన మనసులో కొన్ని ఫైళ్ళు ఎప్పుడూ పరిశీలనలోనే ఉంటాయి.

నిబంధనలు కఠినమైనవి. వయసు పద్నాలుగు లోపు. రోజుకు పది గంటలకు తగ్గని శ్రమ. వీపున బరువు. ఆటకు సమయం శూన్యం. పిల్లల గౌరవం దృష్ట్యా ముఖం మాత్రం కనిపించకూడదు.

బయల్దేరుతుంటే ఏడో తరగతి చదివే కూతురు సత్యశ్రీ బ్యాగుతో ఎదురొచ్చింది.

"నాన్నా, ఈ ఒక్క ఆదివారం మీతో బీచ్‌కి రానా?"

"ఆటకా వెళ్తున్నాను? కష్టాల్లో ఉన్న పిల్లల కోసమమ్మా! నీకు ఐఐటీ ఫౌండేషన్ క్లాసుంది."

బ్యాగు పట్టీ తెగి వేలాడుతోంది. ఎర్ర నైలాన్ తాడుతో తనే రెండు ముళ్ళు వేసి, పిల్లను ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్ ముందు దింపి, పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ దొరబాబును వెంటబెట్టుకుని జాలరిపేటకు వెళ్ళాడు.

పడవ చుట్టూ పిల్లలు గెంతుతున్నారు.

"నవ్వండి!" అన్నాడు దొరబాబు. అందరూ పకపకా నవ్వారు.

"నవ్వమంటావేమయ్యా!"

"అలవాటైపోనాది సార్. పెళ్ళికూతురు ఏడుత్తన్నా నాను నవ్వమనే అంతాను."

వెనక్కి తిప్పి నిలబెట్టారు. ఏం లాభం? వీపులు కూడా నవ్వుతున్నాయి!

వల బాగుచేసుకుంటున్న గంగాలమ్మ తలెత్తింది. "ఏటి బాబూ, మా గుంటలేటి తప్పు సేసినారని అలా నిలబెట్టీసినావు?"

"మీకు కష్టాలేమైనా ఉన్నాయామ్మా?" ఆశగా అడిగాడు గుణశేఖర్.

"నేకేటి, ఉన్నాయి! వానొత్తే ఇల్లు కారతాది. బళ్ళోకి మేస్టారు రాడు. రాసుకో!"

"అవి ఫోటోలో పడవు. పిల్లలు కాస్త దిగులుగా ఉంటే..."

"ఇల్లు కారతాదని గుంటలు ఆట మానేత్తారేటి? ఆల్ల దిగులు నాను పడతన్నాను కదా!"

దేశంలో దైన్యం ఇంత కరువైందా అని గుణశేఖర్ కుంగిపోయాడు. రాత్రికి దొరబాబే ఆదుకున్నాడు. రోడ్డు మీద దొరికిందంటూ ఫోనుకు ఫోటో పంపాడు. వేలెడంత బొమ్మలో వంగిన వీపు, సన్నటి మెడ, పెద్ద మూట, చుట్టూ చీకటి. నిబంధనలన్నీ నెరవేరాయి! వెంటనే ఢిల్లీకి పంపేశాడు.

మొదటి బహుమతి వచ్చింది. సన్మానసభకు కోచింగ్ నుంచి గంట పర్మిషన్ తీసుకుని సత్యశ్రీ కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది.

"ఈ వీపు చూడండి!" మైకులో గర్జించాడు గుణశేఖర్. "ఈ బిడ్డకు తండ్రి ఉన్నాడా? ఉంటే, వాడికి కళ్ళున్నాయా?"

చప్పట్ల మధ్య చెయ్యి చాచి తెరవైపు తిరిగాడు. పదడుగుల వెలుగులో అది మూట కాదు, బ్యాగు. దాని పట్టీకి ఎర్ర నైలాన్ తాడు. తాడుకు రెండు ముళ్ళు.

ఆయన చాచిన చెయ్యితో తెరమీది ఆ ముళ్ళను తడిమాడు. ఎంత సున్నితమైన హృదయమో అని సభ మరింత గట్టిగా చప్పట్లు కొట్టింది.

సత్యశ్రీ లేచి వేదిక పక్కకు వచ్చి మెల్లగా అడిగింది.

"నాన్నా, అది నేనే కదా?"

"ఆఁ..."

"అయితే రేపు బీచ్‌కి వెళ్దామా?"

గుణశేఖర్ కళ్ళు తుడుచుకున్నాడు. అవి నిజమైన కన్నీళ్ళే. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి వంగాడు.

"రేపు టెస్టుంది కదమ్మా."

తర్వాత చెయ్యి తీసి, ప్రపంచంలోని మిగతా పిల్లల గురించి ప్రసంగం కొనసాగించాడు.