బహుశా చీర

శ్రావణం మొదటి వారం నుంచి మా జిల్లాలో వివరణ రాయని బొమ్మలూ, ఆ వెనకే వివరణ రాయని మనుషులూ కనిపించడం మానేశారు. చూపులేని వాళ్లకూ అందేలా ప్రతి బొమ్మ కిందా ఒక వాక్యం ఉండాలనీ, వాక్యం లేనిది లేనట్టేననీ పైనుంచి సర్క్యులరు వచ్చింది. మా జిల్లా ఏ సర్క్యులరునైనా తు.చ. తప్పకుండా పాటిస్తుంది. మొదట కొండలు పోయాయి. అవి ఏ సెక్షను కిందికి వస్తాయో తేలలేదు. మూడోనాటికి జనం పొగమంచులో నడిచినట్టు చేతులు చాచుకుని మెల్లగా నడవడం నేర్చుకున్నారు.

ఆఫీసు కుర్చీలకు కేను అల్లే పైడయ్యకు ఇదేమీ తెలియలేదు. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. భార్య నూకరత్నం ఇంట్లో తిరుగుతున్నట్టు ఎప్పటిలాగే వినిపిస్తోంది. ఆమె చేతికి బీటపడ్డ గాజొకటి ఉంది, మిగతా గాజులతో కలవకుండా మోగుతుంది. రేషను డీలరు మాత్రం ఆమె కనిపించడం లేదు కనుక కార్డులో పేరు తీసేస్తామన్నాడు. పైడయ్య ఆఫీసుకు పరిగెత్తాడు.

అక్కడ వివరణలు రాసే సాఫ్టువేరును ఎంచడానికి కమిటీ కూర్చుని ఉంది. చూపులేని సభ్యుడొకరు ఉండాలన్న నిబంధన ఉండడంతో, వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు అతన్ని అక్కడే కూర్చోబెట్టారు. మూడు సాఫ్టువేర్లను తెర మీద చూపించారు. స్పీకరు స్టోరురూములో ఉంది, స్టోరురూము కనిపించడం లేదు. పైడయ్య రెండు గంటలు ఫ్యాను చప్పుడు విన్నాడు.

"మీరేమంటారు పైడయ్యగారూ?" అంది అధ్యక్షురాలు సుభాషిణి.

"తమరేటి సూపించారో నాకు తెల్దండి. మా రత్నం గురించి నాను సెప్తాను, రాసుకోండి." గాజు సంగతి చెప్పాడు. చేతికి పట్టిన జీడిపిక్కల వాసన, నవ్వబోయే ముందు ఆగే ఊపిరి, అన్నీ చెప్పాడు.

"చప్పుడుకీ వాసనకీ ఫారంలో గడి లేదండీ," అన్నాడు గుమాస్తా నాగభూషణం, నొచ్చుకుంటూనే.

అన్నిటికన్నా త్వరగా రాసే సాఫ్టువేరు నెగ్గింది. కార్డులోని ఫోటో చూసి అది రాసింది: ఒక స్త్రీ. బహుశా చీర. ఏ పూచీ నెత్తిన వేసుకోని ఆ 'బహుశా' ఆఫీసుకు బాగా నచ్చింది. మర్నాటికి బహుశా కొండలు తిరిగొచ్చాయి. నూకరత్నం అందరికీ కనిపించింది, డీలరు బియ్యం కూడా ఇచ్చాడు.

ఇంట్లో పైడయ్య భార్యను పిలిచాడు. జవాబు రాలేదు. చెయ్యి చాపితే గుడ్డ తగిలింది. గాజు మోగలేదు, జీడి వాసన లేదు. వివరణలో లేనివి ఎలా ఉంటాయి? అతనికి ఏడుపొచ్చింది.

వారం తర్వాత నాగభూషణం ఫారం పట్టుకుని వచ్చాడు.

"మీ ఆవిడ ఇంట్లోనే ఉన్నారు కదా?"

పైడయ్య చాలాసేపు చెవి ఒగ్గి విన్నాడు.

"బహుశా అండి."

నాగభూషణం 'సంతృప్తికరం' అన్న గడిలో టిక్కు పెట్టి, అతని వేలిముద్ర తీసుకున్నాడు.