నూకాలు జవాబు శనివారం వచ్చింది

అడిగిన వెంటనే జవాబు చెప్పే పిల్లలు తెలివైనవారనీ, ఆలస్యంగా చెప్పేవారు మందమతులనీ లోకంలో ఒక నమ్మకం ఉంది. చినకొండవలస ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదివే నూకాలుకు మాత్రం, ఏ ప్రశ్న అడిగినా జవాబు సరిగ్గా ఇరవైనాలుగు గంటల తరువాత వచ్చేది. కనుక ఆ నమ్మకాన్ని పరీక్షించే అవకాశం ఆ ఊరికి దక్కింది.

సుభాషిణి టీచరు మూడు వారాలపాటు ఈ సంగతిని నోటుపుస్తకంలో రాసుకుంది. సోమవారం పదీ పదికి ఏడు ఎనిమిదులెంతని అడిగితే, మంగళవారం పదీ పదికి, పద్యం మధ్యలో, నూకాలు లేచి నిలబడి "యాభయ్యారండి" అనేది. మొదట్లో పిల్లలు నవ్వారు. తరువాత అలవాటు పడ్డారు. కొత్తవాళ్లెవరైనా విస్తుపోతే పక్క బెంచీ పిల్ల "నిన్నటిదండి" అని సర్దిచెప్పేది. మూడు వారాల్లో తప్పు జవాబు ఒక్కటీ లేదు.

మండల విద్యా కార్యాలయానికీ ఇది వింత కాదు. ప్రత్యేక అవసరాల ఫారంలో "జవాబు ఆలస్యం, నిమిషాలలో" అనే గడి ముందునుంచీ ఉంది. సుభాషిణి అందులో 1440 అని రాసింది.

"మూడంకెలే పడతాయి మేడమ్," అన్నాడు గుమాస్తా. "తొమ్మిదొందల తొంభైతొమ్మిది వేసెయ్యండి. పిల్ల కొంచెం బాగుపడినట్టు కూడా ఉంటది."

పక్క ఊళ్లో ప్రశ్న అడగకముందే జవాబు చెప్పే పిల్ల ఒకతె ఉంది. ఆమె క్లాసు ఫస్టు గనుక ఆమెకు ఫారం లేదు.

నియమాలు స్పష్టంగానే ఉన్నాయి. శుక్రవారం వైద్య శిబిరంలో పది ప్రశ్నలు అడుగుతారు. మూడింటి వరకూ తప్పితే ఏ సాయమూ లేదు. నాలుగు నుంచి ఎనిమిది తప్పితే, సొంత బడిలోనే పరీక్ష రాయడానికి రెండో రోజు ఇస్తారు. అంతకు మించితే అరవై కిలోమీటర్ల అవతల ఉన్న వసతి కేంద్రానికి పంపుతారు.

"నా పిల్ల సెప్తాదమ్మా," అంది తల్లి అప్పలకొండ, జీడిపిక్కల ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చి. "ఒక్కరోజు ఆగితే సెప్తాది. ఆళ్లకి ఒక్కరోజు నేదేటి?"

"శిబిరం ఒక్క పూటే, అప్పలకొండా."

ఇరవైయేళ్లుగా పరీక్షల్లో కాపీలు పట్టిన సుభాషిణి తొలిసారి తానే శిబిరం ప్రశ్నలు ముందుగా బయటపెట్టింది. అవి ఏటా మారవు. నూకాలు టోకెను మీద పదకొండున్నర అని ఉంది. శిబిరానికి వచ్చే డాక్టరు సూర్యారావు ప్రశ్నకో నిమిషమిచ్చే, నిమిషం తప్పని మనిషి. గురువారం పదకొండున్నరకు ఆమె నూకాలును ఎదురుగా కూర్చోబెట్టుకుని, నిమిషానికొకటి చొప్పున మొదటి ఐదు ప్రశ్నలు మాత్రమే అడిగింది. ఐదు ఒప్పు, ఐదు తప్పు. పిల్ల ఊళ్లోనే ఉంటుంది, రెండో రోజూ దక్కుతుంది.

"మిగతావి కావాలనే అడగలేదే తల్లీ," అంది చివర, పిల్ల జుట్టు సవరిస్తూ. "నా మీద కోపం ఉందా?"

నూకాలు ఆమె చేయి పట్టుకుంది.

శుక్రవారం నూకాలు ఐదు జవాబులూ గడియారం కొట్టినట్టు చెప్పింది. సూర్యారావు వరండాలోని వరుస వైపు చూశాడు.

"చాలామంది ఉన్నారు. ఐదు చాల్లెండి, ఐదుకి ఐదు," అని కలం తీసి, ఫారంలోని ఆఖరి ప్రశ్న చదివాడు. "చదువుకోడానికి నీకేమైనా ఇబ్బంది ఉందామ్మా?"

"నేదండి," అంది నూకాలు.

అది ఎవరికి చెప్పిన జవాబో ఆ గదిలో సుభాషిణికి ఒక్కతెకే తెలుసు.

"సార్, అది నిన్నటిదండి!"

"నేనడిగింది ఇవాళే కదమ్మా," అన్నాడు సూర్యారావు మర్యాదగా, తరువాతి టోకెను పిలుస్తూ.

శనివారం పదకొండున్నర నుంచి నూకాలు డాక్టరు అడిగిన ఐదింటికీ నిమిషానికొకటి చొప్పున జవాబు చెప్పింది. పదకొండూ ముప్పై ఐదుకు సుభాషిణి పాఠం ఆపింది. ఎవరూ చెప్పకుండానే పిల్లలూ పుస్తకాలు మూశారు. నూకాలు మళ్లీ లేచి నిలబడింది.

"ఉందండి సార్. రేపటిదాకా ఎవురూ ఆగరు."

సోమవారం ధ్రువపత్రం వచ్చింది. లోపం: సున్నా శాతం. ఇబ్బంది: లేదు. వార్షిక పరీక్షకు కేటాయించిన రోజులు: ఒకటి.