కోతపండుగ పాటలో పట్టుచీర

బట్టల విషయంలో ఎక్కడ చెయ్యి విప్పాలి, ఎక్కడ పిడికిలి బిగించాలి అన్న దాని మీద నాకొక సిద్ధాంతం ఉండేది. ఉండేది అన్నాను, గమనించండి.

చాలా సులువైన సిద్ధాంతం. వస్తువు ఖరీదును, దాన్ని ఎన్నిసార్లు తొడుక్కుంటామో ఆ సంఖ్యతో భాగించాలి. సగటు తక్కువైతే కొనాలి, ఎక్కువైతే కొట్టువాడికి దండం పెట్టి బయటికి రావాలి. నందిగామలో లెక్కల మాస్టారిని కదా, పిల్లలు నన్ను వెనకాల సగటు సారు అంటారు. శాంతికుమార్ అని మా నాన్న ముచ్చటపడి పెట్టిన పేరు ఇప్పుడు ఆధార్ కార్డులో తప్ప ఎక్కడా వాడుకలో లేదు.

ఈ లెక్కన రోజూ తొడిగే బూట్లకు ఎంతైనా పెట్టొచ్చు. పెట్టాను. ఏడాదికోసారి బీరువాలోంచి బయటపడే పట్టుచీరకు మాత్రం పెట్టకూడదు. మా ఆవిడ కృపాజ్యోతి చిక్కుడుకాయలు ఒలుస్తూ ఇదంతా శ్రద్ధగా విన్నది.

"అయితే నేను అన్నిటికన్నా ఎక్కువ వేసుకునేది నైటీనండి. పట్టు నైటీ కొనిపెట్టండి. కూరగాయల బండి దగ్గరికి జరీ అంచుతో వెళ్తా."

ప్రతి సిద్ధాంతానికీ మినహాయింపులుంటాయని చెప్పి పేపరు అడ్డం పెట్టుకున్నాను.

ఇంతకీ గొడవ ఎందుకొచ్చిందంటే, మా పెళ్ళయి పాతికేళ్ళు నిండుతున్నాయి. ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టి, పాస్టరు అయ్యగారిని పిలిచి, పదిమందికి భోజనాలు పెడదామనుకున్నాం. పైగా పోయిన వానాకాలం నాకు డెంగ్యూ వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయి, బెజవాడ ఆస్పత్రిలో మంచానికి అతుక్కుపోయి ఎలాగో తిరిగొచ్చాను. ఆ కృతజ్ఞత కూడా ఉంది. కాబట్టి ఒకసారి జగ్గయ్యపేట వెళ్ళి మంచి పట్టుచీర చూద్దామంది జ్యోతి. పాతికేళ్ళలో ఆవిడ నోరు తెరిచి చీర మాట ఎత్తడం అదే మొదలని నాకు తర్వాతెప్పుడో తట్టింది.

జగ్గయ్యపేటే ఎందుకంటే, అక్కడ బట్టల కొట్టు సీతారామాంజనేయులుగారి అబ్బాయి నా దగ్గర చదువుకున్నాడు. లెక్కల్లో గట్టెక్కించిన మాస్టారికి ఎంతో కొంత తగ్గించకపోతాడా అని నా ఆశ.

ఆయన తగ్గించాడు కూడా. ముదురాకుపచ్చ చీర, మిరపపండు రంగు అంచు. జ్యోతి దాన్ని భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది, అంచు మీద వేలు పెట్టి నిమిరింది. నేను ఫోనులో భాగహారం చేశాను. కూడికకు ఒకసారి, క్రిస్మస్‌కు ఒకసారి, ఎవరిదైనా పెళ్ళి కుదిరితే ఇంకోసారి. వచ్చిన సగటు చూసి నాకు మళ్ళీ జ్వరం వచ్చినట్టయింది.

ఆ లెక్క సీతారామాంజనేయులుగారికి కూడా వినిపించాను. "ఇలా లెక్కేస్తే ఈ దేశంలో పెళ్ళి చీర అమ్ముడవదండి మాస్టారూ" అన్నాడాయన నెమ్మదిగా.

నేను గొడవకు సిద్ధపడ్డాను గానీ జ్యోతి గొడవపడలేదు. చీర మడతపెట్టి ఆయన చేతికిచ్చి, మా ఆయన లెక్క ఎప్పుడూ తప్పదులెండి అని, రెండు లంగాలు కొనుక్కుని బయటికొచ్చింది. బస్సులో నందిగామ దాకా నవ్వుతూనే ఉంది. పెళ్ళాం అలిగితే భయపడక్కర్లేదు, నవ్వితే భయపడాలి. నాకా జ్ఞానం అప్పటికి లేదు.

ఆ వారమంతా కొత్త బూట్లు నన్ను కరిచాయి. ఆవిడ అద్దం ముందు అటూ ఇటూ తిరగడమే కళ్ళముందు కనిపించేది. వెనక్కి వెళ్ళి కొందామంటే సిద్ధాంతం అడ్డం, కొనకుండా ఉందామంటే మనసు అడ్డం. సరిగ్గా అప్పుడు మా గుడిలో, అంటే చర్చిలో, కోతపండుగ వచ్చింది.

తెలియనివాళ్ళకు చెబుతాను. కోతపండుగ రోజు ఎవరి చేతనైనది వాళ్ళు దేవుడికి తెచ్చిపెడతారు. కొత్త బియ్యం, ఎండుమిర్చి, గుమ్మడికాయలు, కోడిపుంజులు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. దేవుడి పాట కదా, రేటు ఎవరూ చూడరు. నిమ్మకాయను ఐదువందలకు పాడి, కళ్ళకద్దుకుని, ఇంటికెళ్ళి పులిహోర చేసుకుంటారు.

ఆ రోజు పాట పెడుతున్నది నా బావమరిది థామస్. గుమ్మడికాయ అయింది, పుంజు అయింది. తర్వాత థామస్ ఒక కవరు విప్పి పైకెత్తాడు. ముదురాకుపచ్చ పట్టుచీర, మిరపపండు రంగు అంచు. అచ్చం అదే.

ఎవరో అమ్మగారు పెట్టారని, పేరు చెప్పొద్దన్నారని ప్రకటించాడు. నా బుర్ర పాదరసంలా పనిచేసింది. తినే వస్తువులకే పోటీ. చీరను మగాళ్ళు పాడరు, నామోషీ. గుడంతా చూసేసిన చీర కూడిక్కి కట్టుకోవడానికి ఆడాళ్ళూ ముందుకు రారు. కాబట్టి అగ్గువకు కొట్టేయొచ్చు. చీరకు చీర, భక్తికి భక్తి, సగటుకు సగటు. సిద్ధాంతం దెబ్బతినకుండా భార్య దగ్గర మంచి మార్కులు కొట్టే దారి ఆ దేవుడే చూపించాడనుకున్నాను.

నేరుగా పాడితే జ్యోతికి తెలిసిపోతుంది. పక్కన కూర్చున్న వెంకటరత్నంగారి చెవిలో, నా తరఫున వెయ్యి అనమన్నాను. పాపం పెద్దాయన. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఆయన లేచి పట్టుచీరకు వెయ్యి రూపాయలు అనేసరికి ఆరాధన నుంచీ కునుకుతున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు.

మా గుడిలో మగాళ్ళు ఒకవైపు, ఆడాళ్ళు ఒకవైపు కూర్చుంటారు. ఆడాళ్ళ పాట స్త్రీల సమాజం రత్నమణిగారు అందుకుని గట్టిగా చెబుతుంది. ఎవరు పాడుతున్నదీ మాకు కనపడదు, మధ్యలో స్తంభం. ఆ స్తంభం వెనకనుంచి రత్నమణిగారి గొంతు రెండు వేలంది.

నేను వెంకటరత్నంగారిని గిల్లాను. ఆయన రెండున్నర అన్నాడు. అటునుంచి నాలుగు. మళ్ళీ గిల్లాను. నాలుగున్నర. అటునుంచి ఆరు. ఎవత్తో గానీ మహా మొండి ఘటం, దీని మొగుడు ఎలా వేగుతున్నాడో అనుకున్నాను.

అక్కడ ఆపాల్సింది. లెక్కల మాస్టారు ఆపుతాడు. కానీ జ్యోతి అంచు మీద వేలు పెట్టి నిమరడం మళ్ళీ గుర్తొచ్చింది. ఈ చీర ఇంకో మనిషి కట్టుకుని వచ్చే ఆదివారం మా ఆవిడ ముందు తిరుగుతుందనుకుంటే నా చెయ్యి ఆగలేదు. గిల్లుతూనే ఉన్నాను. వెంకటరత్నంగారు చెయ్యి రుద్దుకుంటూ పాడుతూనే ఉన్నాడు. గుడిలో సగంమంది ఆయనకు రెండో పెళ్ళి కుదిరిందని తీర్మానించేసుకున్నారు.

కొట్లో చెప్పిన ధర దాటింది. దానికి ఒకటిన్నర రెట్లయింది. అప్పుడు అటువైపు నిశ్శబ్దం. థామస్ ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నాడు. పాడినవారు ముందుకొస్తే ప్రార్థన చేస్తానన్నారు అయ్యగారు.

వెంకటరత్నంగారికి అప్పటికే చెయ్యి కమిలిపోయింది. "నాదేం లేదండి. ఈ గిల్లుళ్ళన్నీ శాంతికుమార్‌గారివి" అన్నాడు.

గుడి గుడంతా నవ్వింది. నేను చీర పట్టుకుని మోకరిల్లితే, భార్యను ప్రేమించే ఇలాంటి భర్తల కోసం అయ్యగారు చాలాసేపు స్తోత్రం చేశారు. నా బూట్ల సంగతి ఆయనకు తెలియదు.

ఇంటికెళ్ళాక చీర జ్యోతి ఒళ్ళో పెట్టాను. నీకోసమే పాడాను, ఎవత్తో రాక్షసి రేటు పెంచేసింది గానీ లేకపోతే ఇంకా తక్కువకొచ్చేదన్నాను.

"ఆ రాక్షసి నేనేనండి" అంది.

నాకు అర్థం కాలేదు.

"చీర పెట్టింది కూడా నేనే. చీటీ డబ్బులొస్తే వెళ్ళి తెచ్చా."

నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. ఆవిడ ఆ ఆస్పత్రి వరండా సంగతి చెప్పింది. డాక్టరు ఏమీ చెప్పలేమన్న రోజున, మా ఆయన్ని ఇంటికి పంపితే నేను బాగా ఇష్టపడ్డ వస్తువు నీకిచ్చేస్తానని దేవుడితో అనుకుందట. తీరా చూస్తే ఆవిడ ఇష్టపడ్డ వస్తువంటూ ఇంట్లో ఏదీ లేదు. నా సిద్ధాంతం అంత బాగా పనిచేసింది. అందుకని ముందు ఏదో ఒకటి ఇష్టపడాలని జగ్గయ్యపేట తీసుకెళ్ళమంది.

"మీరు కొనుంటే అది మీ డబ్బుతో ఇచ్చినట్టయ్యేది, నా మొక్కు తీరేది కాదు. కొననన్నారు, బతికిపోయా. బస్సులో నవ్వాగలా."

"సరే, ఇచ్చేశావు. మళ్ళీ పాట ఎందుకు పెంచావు?"

"నేనింత ముచ్చటపడ్డది తక్కువకి పోకూడదని కూర్చున్నా, అంతే. మీరు పాడతారని అస్సలు అనుకోలా. స్తంభం పక్కనుంచి తొంగిచూస్తే మీరు వెంకటరత్నంగారి చెవిలో గొణుగుతున్నారు, కడుపు నిండిపోయింది. ఈలోపు ఆయన చేత వెయ్యి అనిపించారు." ఆగి నా వైపు చూసింది. "అది మీ ప్రాణానికి మొక్కిన చీరండి. వెయ్యి అంటే నాకు ఒళ్ళు మండదా?"

నా ప్రాణాన్ని వెయ్యి దగ్గర మొదలుపెట్టినవాణ్ణి నేను, అక్కడ ఆగనివ్వకుండా పైకి లాక్కొచ్చింది ఆవిడ. కళ్ళు తుడుచుకోవడానికి పేపరు అడ్డం పెట్టుకుందామంటే చేతికి దొరకలేదు. ఆవిడే కొంగు అందించింది.

కూడిక రోజు పొద్దున ఆ చీరే కట్టుకుంది. కొత్త పట్టు, బిరుసుగా ఉంది, కుచ్చిళ్ళు నిలవడం లేదు. కింద పట్టుకోండి అంటే మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క మడతా సర్దుతున్నాను. ఇంతలో అయ్యగారు అనుకున్నదానికంటే ముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మోకాళ్ళ మీదున్న నన్ను చూసి, "మీరు మొదలుపెట్టేసినట్టున్నారు, కానివ్వండి" అని వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు.

నేను సిగ్గుపడి లేవబోయాను. జ్యోతి నా భుజం మీద చెయ్యి వేసి, ఇంకా రెండు కుచ్చిళ్ళున్నాయంది. లేవలేదు. ఆ రెండూ సర్దుతూ అక్కడే, అలాగే, దేవుడికి చెప్పాల్సింది చెప్పుకున్నాను.