భీమరాజు పెరట్లో సమాధి

ఆదివారం పొద్దున్నే కోళ్ళగూడు కడిగి సున్నం కొట్టేద్దామని భీమరాజు లుంగీ ఎగ్గట్టాడు. గూడంటే నాలుగు రాతి పలకలు, పైన ఓ బండ, ముందు పలకకి కోడి దూరేంత గుండ్రటి కన్నం. నిరుడు భార్య రామలక్ష్మి కూతురి పురిటికి విశాఖపట్నం వెళ్ళినప్పుడు, ఆవిడెప్పుడూ తొంగిచూడని గోడ చాటున తానే నిలబెట్టాడు. ఇవాళ అతను చీపురందుకుంటూండగానే, చిన్నప్పుడు తనకి చదువు చెప్పిన సీమోను మాస్టారు కొబ్బరి బొండాల కోసం వచ్చి, గూటిని చూసి కొయ్యబారిపోయారు.

"ఒరేయ్ భీమరాజూ! ఇది సమాధిరా! వేల ఏళ్ళ నాటిది!"

"ఆయ్," అన్నాడు భీమరాజు. ఏభై దాటినా మాస్టారి మాట కాదనడం అతనికి చేతకాదు.

"మీ తాతల నాటికే ఉండుంటుంది!"

"ఆయ్." అసలు సంగతి చెబుదామని నోరు తెరిచేసరికి మాస్టారు ఫోనందుకున్నారు.

మధ్యాహ్నానికి పలివెల ఊరు సగం ఆ పెరట్లోనే ఉంది. ఒకాయన తాడు కట్టి ముట్టుకోవద్దన్నాడు. ఒకావిడ అగరొత్తులు వెలిగించింది. గూడు పోయిన కోళ్ళు వంటింట్లో దూరాయి. మాస్టారు బెంచీ ఎక్కి, వారసత్వ సంపదని కాపాడుకోవాలని ఉపన్యాసం మొదలెట్టారు. వింటూంటే భీమరాజుకి కూడా, తాను నిజంగా కట్టాడా లేదా అని అనుమానం వచ్చింది.

రామలక్ష్మి బట్టలు సర్దేసింది. "పెరట్లో సమాధి పెట్టుకుని కాపరం నా వల్ల కాదండీ. సాయంత్రం బస్సుకి మా తమ్ముడింటికి పోతున్నాను. అది ఉన్నంతకాలం రానంటే రాను!"

"ఓసి నీ దుంపతెగ, అది నేను కట్టిందేనే!"

"మరి మాస్టారితో ఆయ్ అన్నారేంటి? అబద్ధం ఆయనతో చెప్పేరా, నాతో చెబుతున్నారా?"

భీమరాజుకి ఏడుపొక్కటే తక్కువ. ఆవిడ లేని ఇల్లు అతను ఊహించనైనా లేడు.

ఇంతలో కరుణ దిగింది. ఆమె పురావస్తు శాఖ అధికారి. రామచంద్రపురం పెళ్ళికొచ్చి, తన పాత మాస్టారు పిలిస్తే కాదనలేక పట్టుచీరతోనే వచ్చేసింది. గూడు చుట్టూ తిరిగి తల అడ్డంగా ఊపింది. "ఒండ్రు నేలలో ఇంతింత రాళ్ళెక్కడివి మాస్టారూ? ఇది ఇక్కడి కట్టడం కాదండీ."

భీమరాజుకి ప్రాణం లేచొచ్చింది. జన్మలో మొదటిసారి మాస్టారి ముందు గొంతెత్తాడు. "కాదండీ! నేనే కట్టేనండీ! కోళ్ళకండీ!"

మాస్టారి ముఖం మాడిపోయింది. రామలక్ష్మి సంచి కింద పెట్టింది.

"మరి రాళ్ళెక్కడివండీ?" అంది కరుణ.

"మెట్టలో మా బావమరిది నిరుడు కొత్తిల్లు కట్టుకున్న చేలోవండి. అడ్డంగా ఉన్నాయంటే లారీలో తెచ్చుకున్నానండి."

"కన్నం తొలిపించింది మీరేనా?"

"అబ్బే, అక్కడే ఉందండి. ఏ పలక ఎక్కడుందో సుద్దతో గుర్తులెట్టుకుని, ఊడదీసి తెచ్చి, అచ్చం అలాగే నిలబెట్టేను. రాకాసి గుళ్ళంటారండి అక్కడ. ఆ ఇంటిచుట్టూ అవేనండి."

కరుణ బెంచీ మీద కూలబడింది. "మాస్టారన్నదే నిజమండీ. ఇది సమాధే. దాన్ని మీరు ఊడబెరికి తెచ్చేరు. కొంపదీసి సున్నం గానీ కొట్టేరా?"

"ఇవాళ కొట్టేద్దునండీ. మాస్టారొచ్చేరు."

"ఆయనకి దణ్ణం పెట్టుకోండి. మేం కొలతలు తీసి, మళ్ళీ దాని చోటికి చేర్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు."

మాస్టారు మళ్ళీ బెంచీ ఎక్కారు. భీమరాజు బిక్కచచ్చి భార్య వైపు చూశాడు.

రామలక్ష్మి తమ్ముడి కొత్తింటిని ఓసారి తలుచుకుని, సమాధి ఒక్కటే ఉన్న ఇంట్లో ఉండిపోవడానికి నిశ్చయించుకుంది.