బస్సుకి ఇటూ అటూ

ఆ రోజు ఉదయం సెక్రటరీ వేసుకున్న ప్రణాళికలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పదింటికి సభ్యుడుగారు బస్సు డిపోకి వెళ్ళి, కేంద్ర నిధుల కోతను ప్రాణం పోయినా ఒప్పుకోనని డ్రైవర్లకి చెప్తారు. తరవాత వర్తక సంఘం హాలుకి వెళ్ళి, అదే కోత కోసం ప్రాణమైనా ఇస్తానని వర్తకులకి చెప్తారు. మధ్యలో కారులో చొక్కా మార్చుకుంటారు. మధ్యాహ్నం రైలెక్కి రాజధానికి వెళ్ళి, మర్నాడు చట్టసభలో తుది ఓటు వేస్తారు. ప్రాణం మాత్రం ఎక్కడా పోదు.

సభ్యుడుగారు మూడుసార్లు వరసగా గెలిచిన మనిషి. విలేకరులు ఆయనకి ‘ఉభయకుశలం’ అని ముద్దుపేరు పెట్టారు. ఎవరేం అడిగినా వాళ్ళు సంతోషంగా ఇంటికి వెళ్ళేలా సమాధానం చెప్పడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. కాకపోతే ఇద్దరూ ఒకేసారి అడగకూడదు, అంతే. పోయిన నెల తొలి ఓటింగులో ఆయన కోతకి అనుకూలంగా మీట నొక్కారు. ఆ సంగతి సభ రికార్డుల్లో ఉంది, ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు. ఎవరూ వెళ్ళి చూడరన్న నమ్మకం మీదే ఆ ఆఫీసు నడుస్తోంది.

ఆ నమ్మకం సెక్రటరీకి ఈమధ్య సరిగ్గా నిద్రపట్టనివ్వడం లేదు. ఎందుకంటే అతని భార్య ఆ డిపోలోనే డ్రైవరు. ఊళ్ళో తిరిగే బస్సులన్నీ కేంద్రం ఇచ్చే నిధుల మీదే నడుస్తాయి. కోత పడితే డిపోకి తాళం పడుతుంది, ఆమె ఉద్యోగం పోతుంది. అంత పెద్ద బండిని ఇరుకు సందుల్లో ఎవరి గోడకీ గీత పడకుండా తిప్పే భార్యను చూస్తే సెక్రటరీకి ఎంత గర్వమో. తొలి ఓటింగు జరిగిన రాత్రి ఆమె, “మీ సార్ ఎటు వేశారండీ?” అని అడిగితే అతను కక్కలేక మింగలేక, “వ్యతిరేకంగానే వేశారు,” అనేశాడు.

ఆమె మర్నాడు ఆ మాట డిపో అంతా చెప్పింది. డిపో మురిసిపోయింది. సభ్యుడుగారిని పిలిచి సన్మానం చెయ్యాలని తీర్మానించింది. ఆ సన్మానమే ఈ రోజు.

సెక్రటరీ టై కట్టుకుంటూ ఉండగా డిపో మేనేజరు ఫోన్ చేశాడు. మేనేజరు మహా ఉపకారి. అడక్కుండానే సాయం చేస్తాడు, వద్దంటే ఇంకాస్త చేస్తాడు.

“సార్, శుభవార్త! వర్తక సంఘం హాలు మీద నీళ్ళ ట్యాంకు పగిలి లోపలంతా చెరువైపోయిందట. పాపం వాళ్ళ అధ్యక్షుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక అల్లాడుతున్నారు. మా షెడ్డులో పెట్టుకోమని చెప్పేశాను. రెండు మీటింగులూ పదింటికే, ఒకేచోట. సార్‌కి తిరుగుడు తప్పింది!”

సెక్రటరీ ఫోన్ పెట్టేశాడు. టై ముడి దానంతటదే బిగుసుకుంది. పరుగు పరుగున సభ్యుడుగారి ఇంటికి వెళ్ళి సంగతి చెప్పాడు.

“ఒకటి వాయిదా వేద్దాం సార్.”

“రేపు ఓటింగు పెట్టుకుని ఇవాళ వాయిదా ఏంటయ్యా? ఇద్దరికీ మాటిచ్చాను. నేను మాట తప్పే మనిషినా?” అన్నారు సభ్యుడుగారు నొచ్చుకుంటూ.

“ఆ రెండు మాటలూ ఒకేచోట ఎలా చెప్తారు సార్?”

“అది చూసుకోడానికే కదయ్యా నిన్ను పెట్టుకుంది!”

చూసుకున్నాడు సెక్రటరీ. డిపో షెడ్డులోకి అడుగుపెట్టగానే అతనికి ఒక ఆలోచన తట్టింది, దాన్ని చూసి తనే ముచ్చటపడ్డాడు. షెడ్డు మధ్యలో అడ్డంగా ఒక బస్సు నిలబెట్టించాడు. ఎక్కే తలుపు వైపు డ్రైవర్లకి బల్లలు, అవతలి పక్క వెనకాల ఉన్న అత్యవసర ద్వారం వైపు వర్తకులకి కుర్చీలు. సభ్యుడుగారు ఎక్కే తలుపు మెట్టు మీద నిలబడి ఇటు వాళ్ళతో ఓ మాట చెప్తారు. లోపల్నుంచి నడిచివెళ్ళి అత్యవసర ద్వారం తెరిచి అటు వాళ్ళతో ఇంకో మాట చెప్తారు. మైకు లేదు. ఒకవైపు మాట ఇంకోవైపు వినపడకుండా మూలనున్న మెకానిక్ చేత టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ ఆన్ చేయించాడు. అది దడదడలాడుతుంటే దగ్గరున్నవాళ్ళకి తప్ప మాట వినపడటం లేదు.

“ఈ బండి ఎప్పుడు బయల్దేరుతుంది?” అని మేనేజరును అడిగాడు, ముందుజాగ్రత్తగా.

“మీ ఆవిడ బండే కదా సార్, మీకు తెలీదా?” అని నవ్వేశాడు మేనేజరు.

తెలుసు. పదకొండున్నరకి. పెళ్ళైనప్పటి నుంచీ పదకొండున్నరకే. అప్పటికి మీటింగు ముగిసి, మీటింగులో చెప్పింది అందరూ మర్చిపోయి కూడా ఉంటారు.

మొదట్లో అంతా సవ్యంగానే నడిచింది. సభ్యుడుగారు ఎక్కే తలుపు మెట్టు మీద నిలబడి, “ఈ కోత మీ మెడ మీద కత్తి! ఆ కత్తికి నా మెడ అడ్డుపెడతాను!” అన్నారు. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. బస్సు అవతల కూర్చున్న వర్తకులకి మాటలు వినపడలేదు గాని చప్పట్లు వినపడ్డాయి. వాళ్ళ సంఘం అధ్యక్షుడు తాళాల కొట్టు పెద్దాయన. ఆయన వెనక్కి తిరిగి, “డ్రైవర్లే అంత గట్టిగా కొడుతుంటే మనం ఊరుకుంటే ఏం బావుంటుంది?” అన్నాడు. సభ్యుడుగారు అత్యవసర ద్వారం తెరిచి నోరు విప్పకముందే వర్తకులు షెడ్డు అదిరేలా చప్పట్లు కొట్టారు. అది విని డ్రైవర్లు, వర్తకులు కూడా తమవైపే ఉన్నారని పొంగిపోయి మళ్ళీ కొట్టారు.

చప్పట్లు వినపడితే సభ్యుడుగారు ఆగలేరు. అటు చెప్పడం అయ్యాక మళ్ళీ ఇటు వచ్చారు. ఇటు అయ్యాక మళ్ళీ అటు వెళ్ళారు. చెమటలు కక్కుతూ సీట్ల మధ్య నడుస్తూ, ఏ తలుపు ఎవరిదో కూడా మరిచిపోయే స్థితికి వచ్చారు. సెక్రటరీ బస్సు మధ్యలో నిలబడి, ఆయన ఎదురొచ్చిన ప్రతిసారీ చెవిలో గుర్తుచేస్తున్నాడు.

“వ్యతిరేకం సార్.”

“ఆఁ.”

“ఇప్పుడు అనుకూలం సార్.”

“తెలుసయ్యా! ఎన్నేళ్ళ సర్వీసు నాది!”

నాలుగో విడతో ఐదో విడతో నడుస్తుండగా డ్రైవరు సీటు తలుపు తెరుచుకుంది. ఖాకీ చొక్కా చేతులు మడుచుకుంటూ సెక్రటరీ భార్య ఎక్కి కూర్చుంది. సీట్ల మధ్య నిలబడిన మొగుణ్ణి చూసి ఆశ్చర్యపోయింది.

“ఏవండీ, మీరేంటి బండిలో? దిగండి, టైమైంది.”

“ఇంకా అరగంట ఉంది కదా!”

“పదకొండుకి మార్చారని మొన్న అన్నం తింటుంటే చెప్పాను కదండీ. ‘ఊఁ’ అన్నారుగా.”

సభ్యుడుగారి ప్రోగ్రాము నిమిషాలతో సహా చెప్పగల సెక్రటరీకి ఆ మొన్నటి సంగతి మచ్చుకైనా గుర్తుకు రాలేదు. భార్య చెప్పేటప్పుడు అతను మర్నాటి ఉపన్యాసం గురించి ఆలోచిస్తున్నాడు కాబోలు.

“ఒక్క ఐదు నిమిషాలు ఆగు. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా తియ్యలేదు, మీకు తెలుసు. గేటు బయట జనం ఎండలో నిలబడి ఉన్నారు. ఆ వెనక తలుపు ఎవరు తీశారు? సార్‌ని జాగ్రత్తగా దింపి, దాన్ని మూసెయ్యండి.”

ఎందుకు ఆగాలో చెప్పడానికి సెక్రటరీ దగ్గర కారణం ఉంది గాని, అది ఆమెకి చెప్పదగ్గది కాదు. ఆమె ఇంజన్ స్టార్ట్ చేసింది. అతను సభ్యుడుగారిని అత్యవసర ద్వారంలోంచి దింపి, తనూ దూకి, తలుపు మూశాడు. తనను ఎందుకు దింపారో కూడా సభ్యుడుగారు పట్టించుకోలేదు. ఆయన వర్తకుల ముందు చేతులు చాచి మంచి ఊపు మీద ఉన్నారు. బస్సు మెల్లగా కదిలింది. టైర్ల పని అయిపోయిందనుకుని మూలనున్న మెకానిక్ కంప్రెసర్ ఆపేశాడు.

“పెద్దలారా!” అన్నారు సభ్యుడుగారు, అకస్మాత్తుగా వచ్చిన నిశ్శబ్దంలో గొంతు ఖంగుమంటుంటే. “పోయిన నెల ఈ కోతకి పడ్డ మొట్టమొదటి ఓటు నాది! రేపు పడబోయే మొట్టమొదటి ఓటూ నాదే!”

వర్తకులు చప్పట్లు కొట్టబోయి, ఆయన వెనకాల చూసి ఆగిపోయారు. వాళ్ళెందుకు ఆగారో చూద్దామని సభ్యుడుగారు వెనక్కి తిరిగారు. గోడలా నిలబడిన బస్సు లేదు. డ్రైవర్లందరూ బల్లల మీంచి లేచి నిలబడి ఉన్నారు. ముందు వరసలోని డ్రైవరు చేతిలో సన్మానం శాలువా ఉంది.

గేటు దగ్గర బస్సు బ్రేకులు కీచుమన్నాయి. ఆమె అద్దంలోంచి చూసిందో, కిటికీలోంచి విన్నదో గాని, బండి ఆపి దిగి, షెడ్డులోకి నడిచి వచ్చింది. డ్రైవర్లు నోళ్ళు వెళ్ళబెట్టారు. వాళ్ళ డ్రైవరక్క టైముకి తియ్యాల్సిన బండిని దారిలో ఆపడం వాళ్ళెప్పుడూ చూడలేదు.

ఆమె సభ్యుడుగారి వంక చూడలేదు. నేరుగా మొగుడి ముందుకి వచ్చి నిలబడింది.

“ఏవండీ, సార్ పోయిన నెల ఎటు వేశారు?”

“చెప్పవయ్యా సెక్రటరీ, నువ్వే చెప్పు,” అన్నారు సభ్యుడుగారు చల్లగా. “వివరంగా చెప్పు.”

వివరంగా చెప్పు అంటే ఎవరికీ అర్థం కాకుండా చెప్పమని. అలాంటివి సెక్రటరీ దగ్గర కొల్లలుగా ఉన్నాయి. ‘ఓటు అనేది ఒక సుదీర్ఘ ప్రక్రియ’ అని మొదలుపెడితే మధ్యాహ్నం దాకా లాగగలడు. నోరు తెరిచాడు కూడా. ఆమె అతని ముఖంలోకి చూస్తూ నిలబడి ఉంది, ఇంకా నమ్మడానికే సిద్ధంగా. ఆ చూపు చూసేసరికి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

“కోతకే వేశారు. నీకు అబద్ధం చెప్పాను,” అన్నాడు.

షెడ్డు గగ్గోలెత్తింది. డ్రైవర్లు సభ్యుడుగారి మీదకి వచ్చారు. తాళాల పెద్దాయన కుర్చీ మీంచి లేచి చేతులు అడ్డంపెట్టాడు.

“ఆగండి, ఆగండి! కోతకి వేస్తే తప్పేంటి? వెయ్యమని మేమే అడిగాం. పన్నులు తగ్గుతాయి, దుబారా తగ్గుతుంది. అది సరేగాని, మేనేజరుగారూ, గేటు దగ్గర ఆగిందే, అది మా బజారుకి వచ్చే బండేనా?”

“అదే సార్,” అన్నాడు మేనేజరు ఉత్సాహంగా. “కోత పడితే ముందు ఆగేది అదే. మీరేం కంగారుపడకండి, ఆపేసే ముందు మీకు తప్పకుండా ఫోన్ చేస్తాను.”

పెద్దాయన లెక్క వేసుకున్నాడు. ఆయన కొట్లో పనిచేసేవాళ్ళూ ఆ బండిలోనే వస్తారు, కొనేవాళ్ళూ ఆ బండిలోనే వస్తారు. ఆయన సభ్యుడుగారి వైపు తిరిగాడు.

“ఏమయ్యా, నిధులు కొయ్యమన్నాం గాని మా బస్సు కొయ్యమన్నామా? కోత అంటే ఎవరో, ఎక్కడో, ఏదో పోగొట్టుకుంటారు కామోసనుకున్నాం! రేపు వ్యతిరేకంగా వెయ్యి!”

“వ్యతిరేకంగా వెయ్యాలి!” అన్నారు డ్రైవర్లు.

“వెయ్యాలి!” అన్నారు వర్తకులు.

సభ్యుడుగారు ఇటు చూశారు, అటు చూశారు. రెండువైపులా ఒకటే మాట. మూడు ఎన్నికల అనుభవంలో ఆయనకి ఇలాంటి ఆపద ఎన్నడూ రాలేదు. తప్పించుకోడానికి సందు లేని చోట ఆయన ఎప్పుడూ చేసే పని ఒకటుంది. గొంతు పట్టుకుని రెండుసార్లు దగ్గారు.

“జ్వరం వచ్చేలా ఉంది. రేపు సభకి వెళ్ళగలనో లేదో...”

“బండెక్కండి సార్,” అంది సెక్రటరీ భార్య. “రైల్వే స్టేషను మా దారిలోనే. కిటికీ పక్క కూర్చుంటే గాలికి జ్వరం తగ్గిపోతుంది.”

ఎక్కించారు. చుట్టూ డ్రైవర్లు, వర్తకులు కూడా ఎక్కారు. పెద్దాయన పక్కనే కూర్చుని దారిపొడుగునా ఆయన నుదురు పట్టి చూస్తూ, జ్వరం లేదని పదిమందికీ ప్రకటిస్తూ వచ్చాడు. రైలు కదిలేదాకా ప్లాట్‌ఫాం మీద నిలబడి సాగనంపారు. రైల్లో సభ్యుడుగారు సెక్రటరీతో ఒకే ఒక మాట మాట్లాడారు.

“రేపు ఓటు అయ్యాక నీకు నా దగ్గర ఉద్యోగం లేదు.”

మర్నాడు తుది ఓటింగులో కోత వీగిపోయింది. సభ్యుడుగారు వ్యతిరేకంగా మీట నొక్కారు. డిపోలో టీవీ ముందు కూర్చున్నవాళ్ళు గంతులేశారు. బయటికి రాగానే విలేకరులు చుట్టుముట్టి, “పోయిన నెల అనుకూలంగా వేశారు, ఇవాళ వ్యతిరేకంగా వేశారు, ఇంతకీ మీరు ఎటు?” అని అడిగారు. సభ్యుడుగారి ముఖం వెలిగిపోయింది. జీవితంలో మొదటిసారి కోత కావాలన్నవాళ్ళకీ వద్దన్నవాళ్ళకీ చూపించుకోడానికి సరిపడా రికార్డు ఉంది మరి. “రెండుసార్లూ ప్రజల మాటే విన్నాను,” అన్నారు. సాయంత్రం పేపర్లన్నీ ఆయన ధైర్యాన్ని మెచ్చుకున్నాయి. ఆ ఊపులో ఆయన సెక్రటరీని తీసేసిన సంగతి తనే మర్చిపోయి, మర్నాటి ప్రోగ్రాము ఏంటని అడిగారు.

సెక్రటరీ ఇంటికి వచ్చేసరికి భార్య భోంచేసి పళ్ళెం కడుగుతోంది.

“నీ ఉద్యోగం నిలబడింది. ఇంకా కోపమేనా?” అన్నాడు సెక్రటరీ. “అందరిముందూ నిజం చెప్పాను కదా.”

“అందరిముందూ అడిగితే చెప్పారు. ఇంట్లో అడిగితే చెప్పలేదు.” ఆమె పళ్ళెం బోర్లించి చేతులు తుడుచుకుంది. “ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కునేదాన్నండీ. మీ మాట పోతే ఎక్కడ వెతుక్కోను?”

అతను పళ్ళెం అందుకుని తుడిచాడు. “ఇంక చెప్పను,” అన్నాడు. “అబద్ధం.” ఆమె అతనికి అన్నం వడ్డించింది గాని, పక్కన కూర్చోకుండా వెళ్ళి పడుకుంది.

వారం తిరక్కుండా సభలోకి కొత్త బిల్లు వచ్చింది. ఈసారి కోత సభ్యుల ఆఫీసు సిబ్బంది జీతాల మీద. సెక్రటరీ ముఖం చూసి సభ్యుడుగారు లేచి వచ్చి, భుజం మీద చెయ్యివేసి, కళ్ళల్లోకి చూస్తూ చెప్పారు.

“నువ్వేం బెంగపెట్టుకోకు. ఈ కోతకి నేను అడ్డం నిలబడతాను. ప్రాణం పోయినా సరే, నేను నీ వైపే.”

ఆ సాయంత్రం సెక్రటరీ ఇంటికి వెళ్తూ డిపో దగ్గర దిగి, కండక్టరు ఉద్యోగాలేమైనా ఖాళీ ఉన్నాయా అని మేనేజరును అడిగాడు.