శని పట్టిన ఛాసిస్

శనివారం పొద్దున్నే కారుని గ్యారేజీలో చూపించి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయాలని శ్రీరామమూర్తి పథకం. దోహాలో ఒక కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు కదా, ఆయన దగ్గర పథకాలకు లోటు లేదు. అవి అనుకున్నట్టు జరగకపోవడమే లోటు. ఆ సంగతి కాపురానికి వచ్చిన కొత్తలోనే గ్రహించిన ఇందిరాదేవి, పులిహోర డబ్బాలో సర్దుకుని మరీ భర్తతో బయలుదేరింది.

కారు పాతకాలపు అమెరికన్ బండి. పడవంత పొడుగు. శ్రీరామమూర్తికి పాత కార్ల మీద ప్రేమా లేదు, చక్రం మార్చడం చేతా కాదు. ప్రేమ ఉన్నది కంపెనీ యజమానికి. అందరూ ముదీర్, అంటే అరబీలో పెద్దసారు, అని పిలిచే ఆ పెద్దమనిషి, వచ్చే శుక్రవారం పాత కార్లవాళ్ళని వెంటేసుకుని అల్ రువైస్ సముద్రతీరానికి వెళ్తున్నాడు. కంపెనీలో జనరల్ మేనేజర్ కుర్చీ ఖాళీగా ఉంది. ముదీర్ కారు వెనకే తన కారూ వెళ్తే, పక్క గదిలోని నిరంజన్‌కి కాకుండా ఆ కుర్చీ తనకే వస్తుందని శ్రీరామమూర్తి లెక్క. అందుకు ముందు బండి తనిఖీలో పాసవ్వాలి. కుర్చీ మీద ఇందిరాదేవికీ ఆశ ఉంది. అది వస్తే ఆయన ఉపన్యాసాలు వినడానికి కంపెనీయే ఒక సెక్రటరీని ఇస్తుంది.

ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీలో వెల్డరు భూమేష్ బండిని పైకి లేపి, కింద దూరి, టేపు పట్టి ఫ్రేముని మూల నుంచి మూలకు కొలిచాడు.

"ఫ్రేమ్ జర వంగింది సార్. గొలుసు కట్టి గుంజితే సక్కగైతది. గీ కుడిపక్క తుప్పు పట్టింది. పైన ప్లేట్ ఏసి వెల్డింగ్ కొడితే అయిపాయె."

అంతటితో ఆగితే బాగుండేది. భూమేష్ బ్రష్షుతో తుప్పు గీకుతుంటే, పక్కనే ఇనుములోకి గుద్దిన ఛాసిస్ నంబరు బయటపడింది. నంబరు కనబడితే కూడకుండా ఊరుకునే మనిషా శ్రీరామమూర్తి? నంబర్ ప్లేటు మొత్తం తొమ్మిది రావాలని దోహా అంతా కాళ్ళరిగేలా తిరిగినవాడు. అంకెలన్నీ కూడాడు. ఎనిమిది వచ్చింది. మొహం మాడిపోయింది.

వెంటనే రాజమండ్రిలో ఉన్న అక్క శివకుమారికి వీడియో కాల్ చేశాడు. ఆవిడ సంఖ్యాశాస్త్రం చెబుతుంది. ఆవిడ మాట విని పేరులో అక్షరాలు మార్చుకున్నవాళ్ళు ఇప్పటికీ బ్యాంకుల చుట్టూ తిరుగుతున్నారు.

"ఒరేయ్ శ్రీరాం, ఎనిమిదంటే శని కాదుట్రా! ఆ నంబరున్న చోటే తుప్పు పట్టింది చూశావా? ముందా ముక్క కోయించెయ్. నల్లగుడ్డలో నల్లనువ్వులతో మూటగట్టి, వెనక్కి తిరిగి చూడకుండా సముద్రంలో పారెయ్."

"తుప్పు అంకెలు కూడుకుని పడుతుందా వదినగారూ?" అంది ఇందిరాదేవి.

"నీకు నమ్మకం లేకే నా బతుకిలా ఏడ్చింది," అన్నాడు శ్రీరామమూర్తి.

"మీ బండి, మీ ఇష్టం సార్. గీకమంటే గీకుత, కొయ్యమంటే కోస్త," అని భూమేష్ గ్రైండర్ ఆన్ చేశాడు. వంగిన ఫ్రేముని గుంజి, కోసిన చోట కొత్త ఇనుము అతికి నల్లరంగు కొట్టాక, అక్కడ నంబరన్నది ఎన్నడూ లేనట్టు నున్నగా తయారైంది.

సాయంత్రం సముద్రం ఒడ్డునున్న కార్నిష్‌లో మూట విసరబోతే కాపలా మనిషి చూశాడు. శనికి భయపడే మనిషి జరిమానాకి అంతకంటే ఎక్కువ భయపడ్డాడు. మూటని డిక్కీలో పడేసి, "నువ్వెప్పుడైనా పారెయ్" అని ఆ పుణ్యం భార్యకు అప్పగించాడు.

సోమవారం మొగుడూపెళ్ళాలిద్దరూ చూస్తుండగా తనిఖీ అధికారి టార్చి పట్టుకుని కారు కిందంతా వెతికాడు.

"నంబరేదీ?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"తుప్పు తినేసింది సర్."

"తిన్నాక వెల్డింగ్ కూడా చేసి వెళ్ళిందా?"

దొంగబండి అన్న అనుమానం వచ్చింది. పనిచేసే కంపెనీ ఏదో అడిగి అధికారి అక్కడికి ఫోన్ చేశాడు. పాత కారు అనగానే ముదీర్ తానే వస్తున్నానన్నాడు. శ్రీరామమూర్తి మళ్ళీ అక్కకి ఫోన్ చేశాడు. మొత్తం తొమ్మిది వచ్చేలా కొత్త నంబరు గుద్దించెయ్యమంది ఆవిడ.

"గుద్దించండి," అంది ఇందిరాదేవి. "జైల్లో మీకిచ్చే నంబరూ తొమ్మిదే వచ్చేట్టు మీ అక్కగారే చూసుకుంటారు."

ముదీర్ వచ్చేసరికి అధికారి కేసు రాయబోతున్నాడు. దొంగ పెళ్ళాం అనిపించుకోవడం కంటే పిచ్చివాడి పెళ్ళాం అనిపించుకోవడమే నయమనుకుని, ఇందిరాదేవి డిక్కీ తెరిచి అందరి ముందూ మూట విప్పింది. నల్లగుడ్డలోంచి నువ్వులు జలజలా రాలాయి. మధ్యలో అంకెలున్న ఇనుపముక్క. అధికారి ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"సిహ్ర్!" అన్నాడు. చేతబడి అని అర్థం. దొంగతనం కాస్తా ఇంకా పెద్ద నేరంలోకి దిగేట్టుంది.

ఇక దాచి లాభం లేదని శ్రీరామమూర్తి ఎనిమిదినీ, శనినీ, అక్కనీ బయటపెట్టాడు. ముదీర్ అదంతా అరబీలో చెప్పాడు. అధికారి కడుపు పట్టుకుని నవ్వాడు. కాగితాల్లో నంబరూ ముక్క మీది నంబరూ ఒకటేనని చూసుకుని మనిషిని వదిలేశాడు, బండిని మాత్రం ఆపేశాడు.

ముదీర్ నవ్వలేదు. శ్రీరామమూర్తి భుజం మీద చెయ్యి వేశాడు.

"మూర్తీ, నేను పుట్టింది ఎనిమిదో తారీకున. మరి నన్నెక్కడ పారేద్దామంటావు?"

బుద్ధున్నవాడెవడైనా ఆ మాటకి తలొంచుకుని క్షమాపణ చెప్పుకుంటాడు. శ్రీరామమూర్తి ఆశగా తలెత్తాడు.

"నెలా సంవత్సరం కూడా చెప్పండి సర్, మొత్తం కూడి చూద్దాం."

ఇందిరాదేవి కళ్ళు మూసుకుంది. ఆవిడ సెక్రటరీ ఆశ అక్కడే ఆవిరైపోయింది.

మరుసటి వారం జనరల్ మేనేజర్ కుర్చీలో నిరంజన్ కూర్చున్నాడు. ఆ కుర్చీ మనవాళ్ళకి అచ్చిరాదని తనకి ముందే తెలుసని శివకుమారి ఫోన్‌లో చెప్పింది.