రెండు ఇంజన్లు, ఒక షాఫ్టు

మా రాష్ట్రంలో మిగిలిన, ఒకప్పుడు అడవి నుంచి కలప మోసిన రైళ్ల ఆవిరి ఇంజన్లు నూటికి నూరు శాతం నడిచే స్థితిలో ఉన్నాయని వారసత్వ రైళ్ల కమిషనర్ ఆర్విల్ టన్‌స్టల్ గారు ప్రకటించారు. మొత్తం ఇంజన్లు రెండు. అమెరికాలోని ఈ అప్పలాచియన్ కొండల్లో ఎంతోకాలంగా వారపత్రికకు వార్తలు రాస్తున్నాను. ఇంత తేల్చి లెక్క చెప్పిన అధికారిని చూడలేదు.

ఒక ఇంజను మా లారెల్ లిక్‌లో ఉంది. డెల్బర్ట్ నడుపుతాడు. రెండోది కొండకవతల హాకిన్స్ ఫోర్క్‌లో, అతని మరదలు విల్మా నడుపుతుంది. నడవని ఇంజను ప్రదర్శన కోసం రాజధానిలోని అద్దాల షెడ్డుకు వెళ్లాలని నిబంధన. షెడ్డు అప్పటికే కట్టేశారు. ఇంజను పోతే టూరిస్టులు రారు. టూరిస్టులు రాకపోతే మా ఊళ్లలో మిగిలేది పోస్టాఫీసే.

ఈ రకం ఇంజన్లలో ఆవిరి చక్రాలను సూటిగా తిప్పదు. పక్కనున్న పొడవాటి ఇనుప కడ్డీని, అంటే షాఫ్టును తిప్పుతుంది, దాని గేర్లు చక్రాలను తిప్పుతాయి. షాఫ్టు లేని ఇంజను చక్రాల మీది టీ కెటిల్. రెండు ఊళ్లకూ కలిపి మంచి షాఫ్టు ఒకటే ఉంది. తనిఖీ ఎప్పుడూ మంగళవారం ఇక్కడ, గురువారం అక్కడ. బుధవారం షాఫ్టు డెల్బర్ట్ ట్రక్కులో ఎండుగడ్డి కింద కొండ దాటేది.

కమిషనర్ గారి చూపు నిశితమైనది.

"రెండూ ఒకే తీరు నాణ్యత. విరిగిన గేరు పన్ను కూడా ఒకే చోట ఉంది" అని మెచ్చుకున్నారు.

ఆ సంతోషంలో, రెండు ఇంజన్లూ ఒకే రోజు కలిసి మా కొండ ఎక్కాలని ఆదేశించారు.

మా ఊరి హోటల్లో సమావేశం జరిగింది.

"షాఫ్టును రెండు ముక్కలుగా కోద్దామా బావా?" అంది విల్మా.

"రంపమెందుకు, నీ నాలుక చాలదూ?"

చివరికి ఇంజన్లను ఒకదానికొకటి తగిలించాలనుకున్నారు. షాఫ్టున్నది ముందుండి లాగుతుంది. వెనకది పొగ, కూత చూసుకుంటుంది.

"ముందు నేనే" అన్నాడు డెల్బర్ట్.

"అన్నీ నీకే కావాలి. అక్క నిన్నెలా భరిస్తోందో."

నాణెం ఎగరేశారు. డెల్బర్ట్ గెలిచాడు.

విల్మా ఇంజను ట్రెయిలర్ మీద వచ్చింది. పట్టాల మీద వస్తే రంగు పాడవుతుందని చెప్పారు. కమిషనర్ గారు ఆ జాగ్రత్తను అభినందించారు.

కొండ ఎక్కడం బాగానే సాగింది. సగం దారిలో కమిషనర్ గారు దిగారు.

"వెనకదాన్ని విడదీయండి. సొంతంగా ఎలా నడుస్తుందో చూస్తాను."

"ఇప్పుడెందుకండీ? కొండ మీద మీకోసం వేడివేడిగా చేసిన ఆపిల్ పై చల్లారిపోతుంది" అన్నాడు డెల్బర్ట్.

"విడదీయండి."

విడదీశారు. విల్మా బ్రేకు వదిలింది. ఇంజను కూత వేస్తూ పల్లానికి బయలుదేరి, మలుపులన్నీ తిరిగి, కింద ప్లాట్‌ఫాం పక్కనే ఆగింది.

కమిషనర్ గారు టోపీ తీశారు.

"మనం అరగంట ఎక్కిన దారి. చూశారా ఆ వేగం?"

"అది పల్లమండీ" అన్నాడు డెల్బర్ట్.

"మిమ్మల్ని పల్లానికి వెళ్లొద్దని ఎవరన్నారయ్యా?"

అసలు సంగతి చెబితే మరదలి ఇంజను పోతుంది, ఇన్నేళ్ల తనిఖీలూ బయటపడతాయి. డెల్బర్ట్ కొలిమిలోకి ఇంకో పార బొగ్గు వేశాడు.

రెండో ఇంజనుతో పోలిస్తే మొదటిది నడిచే స్థితిలో లేదని నివేదిక వచ్చింది. మా ఇంజను షాఫ్టుతో సహా అద్దాల షెడ్డుకు వెళ్లింది. కమిషనర్ గారు రిబ్బను కత్తిరించి, రాష్ట్రంలో పట్టాల మీదున్న కలప రైలు ఇంజన్లు నూటికి నూరు శాతం నడిచే స్థితిలో ఉన్నాయని ప్రకటించారు. వచ్చే గురువారం హాకిన్స్ ఫోర్క్‌లో తనిఖీ అన్నారు.

ఆ సాయంత్రం డెల్బర్ట్‌కు విల్మా ఫోన్ చేసింది.

"బావా, నీ ట్రక్కు రాజధాని దాకా వెళ్తుందా? గడ్డి నేను తెస్తాలే."